పాడుబడిన ఊరా, పాడుపెట్టిన ఊరా?

తెలుగులో ఊరు పాడుబడుతుంది. పాత ఇల్లు పాడుబడినట్టు, నీళ్లింకిన బావి పాడుబడినట్టు, ఎవరి ప్రమేయమూ లేకుండా తనంతట తానే పాడుబడుతుంది. ఆ వాక్యంలో కర్త ఊరే కాబట్టి, దాన్ని ఎవరు పాడుపెట్టారన్న ప్రశ్న పుట్టదు. మా అమ్మమ్మ మాత్రం ఈ వ్యాకరణాన్ని ఒప్పుకొనేది కాదు. ఆమె పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. జలాశయం నిండినప్పుడు నీళ్ల అడుగుకు చేరింది. చిన్నతనంలో నేను "మీ ఊరు మునిగిపోయిందంట గదా అమ్మమ్మా" అన్నప్పుడల్లా ఆమె చేస్తున్న పని ఆపి మరీ దిద్దేది: "మునగలేదు నాయనా, ముంచినారు."

కొలోన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న నాకు ఆ మాట గుర్తుకు రావడానికి కారణం, ఒక మిత్రుడు పంపిన ఫోటో. పచ్చని మైదానంలో కిటికీలూ తలుపులూ లేని బూడిదరంగు ఇళ్ల వరుస. కింద తెలుగులో "జర్మనీలో దెయ్యాల ఊరు, జనం వదిలేసి వెళ్లిపోయారు" అన్న వ్యాఖ్య. ఆ ఊరి పేరు వోల్‌జైఫెన్. జర్మనీ పశ్చిమపు అంచున, బెల్జియం సరిహద్దుకు దగ్గరగా, ఐఫెల్ కొండల్లో ష్లైడెన్ పట్టణం పరిధిలో ఉంది. ఆ వ్యాఖ్యలో రెండు తప్పులున్నాయని అక్కడికి వెళ్లి చూశాకే నాకు తెలిసింది. జనం వదిలేసి వెళ్లలేదన్నది ఒకటి. ఫోటోలో ఉన్న ఇళ్లు ఆ ఊరివి కావన్నది రెండోది.

కొలోన్ నుంచి రైల్లో కాల్ దాకా వెళ్లి, అక్కడ బస్సెక్కి ఫోగెల్‌జాంగ్ దగ్గర దిగాలి. దిగగానే ఎదురయ్యేది ఊరు కాదు, కొండ వాలు మీద మెట్లు మెట్లుగా పరుచుకొన్న భారీ రాతి కట్టడాల సముదాయం. దాని గురించి తర్వాత చెబుతాను, ఎందుకంటే ఈ కథకు అసలు మొదలు అదేనన్నది నా వాదన. అక్కడి నుంచి ఊరికి నడకే. దారి లోయలోకి దిగి మళ్లీ ఎక్కుతుంది. గుర్తులు పెట్టిన బాట దాటి అడుగు వేయరాదని, నేలలో పేలని మందుగుండు ఇంకా ఉండవచ్చని బోర్డులు హెచ్చరిస్తూ ఉంటాయి. మే, జూన్ నెలల్లో ఈ పీఠభూమి అంతా గిన్‌స్టర్ పొదల పసుపుపచ్చ పూలతో నిండిపోతుంది. స్థానికులు దాన్ని ఐఫెల్ బంగారం అంటారు. కింద మందుగుండు, పైన బంగారం. ఆ బోర్డు పక్కనే నిలబడి పూలకు ఫోటోలు తీసుకొంటున్న కుటుంబాన్ని చూస్తే నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

ఊరి చోటుకు చేరాక మొదట కనిపించేవి ఆ బూడిదరంగు ఇళ్లే. చూసిన వారెవరైనా ఇవే పాత వోల్‌జైఫెన్ ఇళ్లని అనుకొంటారు, ఇక్కడ మనుషులు వండుకొని తిన్నారని ఊహించుకొని మనసు బరువు చేసుకొంటారు. నిజానికి అవి సైనికులు వీధి పోరాటం, ఇంటింటి పోరాటం నేర్చుకోవడానికి, అసలు ఊరు నేలమట్టమైన తర్వాతి దశాబ్దాల్లో కట్టిన సిమెంటు దిమ్మెల గూళ్లు. వాటిలో ఏనాడూ పొయ్యి వెలగలేదు, ఏ పసిబిడ్డా పుట్టలేదు. అసలు ఊరిలో మిగిలినవి చాలా తక్కువ: సెయింట్ రోకుస్ చర్చి గోడలు, బడి, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉండిన చిన్న గది. ఒక ఊరిని కూల్చి, దాని స్థానంలో ఊరి బొమ్మను నిలబెట్టి, చివరికి ఆ బొమ్మనే ఊరి జ్ఞాపకంగా లోకానికి మిగల్చడం కన్నా పెద్ద వ్యంగ్యాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

అసలు ఊరిని కాస్త ఊహించుకోవాలి. డ్రైబోర్న్ పీఠభూమి మీద గాలికి, చలికి ఎదురొడ్డి బతికిన కాథలిక్ రైతుల ఊరు అది. నేల అంత సారవంతమేమీ కాదు. రోకుస్ అన్న సాధువును ప్లేగు నుంచి కాపాడేవాడిగా కొలుస్తారు. మనకు అమ్మవారి జబ్బుకు పోలేరమ్మ ఎలాగో, ఐరోపా పల్లెలకు ప్లేగు విషయంలో రోకుస్ అలాగ. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 14వ శతాబ్దంలో ప్లేగు, పంటల సంక్షోభం కలిసి వచ్చి జర్మన్ నేల మీద వేల ఊళ్లు ఖాళీ అయ్యాయి. మధ్యయుగం చివరికి వచ్చేసరికి దాదాపు నాలుగింట ఒక ఊరు మాయమైందని చరిత్రకారుల అంచనా. అలా పోయిన ఊరి చోటును జర్మన్‌లో వ్యూస్టుంగ్ అంటారు. ఇప్పుడు వోల్‌జైఫెన్‌ను కూడా ఆ మాటతోనే పిలుస్తారు. ప్లేగుతో పోయిన ఊరికీ, ఉత్తర్వుతో పోయిన ఊరికీ ఒకటే పేరు పెట్టడంలోనే నాకు మొదటి అభ్యంతరం ఉంది.

20వ శతాబ్దపు లోకం ఈ ఊరి ముంగిట్లోకి రెండు కట్టడాల రూపంలో వచ్చింది. మొదటిది ఊర్ఫ్ట్ నది మీది ఆనకట్ట. ఇంజినీరు ఓటో ఇంట్సె రూపకల్పనలో 1905లో పూర్తయిన ఆ ఆనకట్ట, ఆనాటి ఐరోపాలో అతి పెద్ద జలాశయాన్ని ఊరి కింది లోయలో నిలిపింది. దాని వల్ల ఊరు పోలేదు. ఊరిని పోగొట్టింది రెండోది, ఆ జలాశయానికి ఎదురుగా కొండ వాలు మీద 1934లో పని మొదలై, రెండేళ్లలో తొలి దశ పూర్తయి, 1936 ఏప్రిల్‌లో హిట్లర్‌కు లాంఛనంగా అప్పగించిన ఫోగెల్‌జాంగ్. ఆ పేరుకు అర్థం పక్షిపాట. అది నాజీ పార్టీ తన రాబోయే నాయకులను తయారుచేసుకోవడానికి కట్టిన శిక్షణ కోట. అలాంటివి దేశంలో మూడు కట్టారు. ఈ కోటలకు డబ్బు పెట్టింది నాజీ నాయకుడు రోబెర్ట్ లై నడిపిన జర్మన్ కార్మిక ఫ్రంట్. ఆ ఫ్రంట్‌కు ఆస్తి ఎక్కడిదంటే, 1933 మేలో కార్మిక సంఘాలను రద్దు చేసి వాటి నిధులనూ భవనాలనూ లాక్కొన్నది. కూలివాడి చందా డబ్బుతో యజమాని జాతి బడి కట్టారన్నమాట.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. 1933 మార్చి ఎన్నికల్లో నాజీ పార్టీకి దేశంలోనే అతి తక్కువ ఓట్లు పడిన నియోజకవర్గాల్లో కొలోన్–ఆకెన్ ఒకటి. కాథలిక్ పల్లెలు ఇంకా కాథలిక్కుల పార్టీ అయిన సెంట్రుమ్ వెంటే ఉన్నాయి. అంతమాత్రాన ఈ ప్రాంతం ఆ కోటను చూసి ముఖం తిప్పుకొన్నదని కాదు. దాని నిర్మాణం పేద ఐఫెల్‌కు పని తెచ్చింది, చూడవచ్చే జనాన్ని తెచ్చింది, దుకాణాలకు బేరం తెచ్చింది. ఊరి పక్కన పెద్ద కట్టడం లేస్తున్నప్పుడు, అది దేనికోసమో అడిగేవాళ్ల కన్నా అక్కడ కూలి ఎంతో అడిగేవాళ్లే ఎక్కువ ఉండటం ఏ దేశంలోనైనా ఉన్నదే.

1939లో యుద్ధం మొదలవడంతో ఆ కోటలో నాయకుల శిక్షణ ఆగిపోయింది. అక్కడ చదివిన వారిలో పలువురు తర్వాత తూర్పున ఆక్రమించిన దేశాలకు జిల్లా పాలకులుగా వెళ్లి, అక్కడి యూదుల హత్యాకాండలో భాగస్వాములయ్యారు. 1944 శరత్తుకు యుద్ధం తిరిగి ఐఫెల్ గడప తొక్కింది. దగ్గర్లోని హ్యుర్ట్‌గెన్ అడవిలో నెలల తరబడి జరిగిన పోరు పేరుమోసినది. ఆ చలికాలంలో వోల్‌జైఫెన్ కూడా బాగా దెబ్బతిన్నది. 1945 ఫిబ్రవరిలో అమెరికన్ సైన్యం ఫోగెల్‌జాంగ్‌ను స్వాధీనం చేసుకొన్నది. యుద్ధం ముగిశాక ఊరివాళ్లు తిరిగి వచ్చి, దొరికిన కలపతో, రాయితో ఇళ్లు బాగుచేసుకొన్నారు, పొలాలు దున్నారు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా బరువైన సంగతి ఇదే. యుద్ధం ఊరిని ఖాళీ చేయలేకపోయింది. శాంతి వచ్చాక ఊరు ఖాళీ అయింది.

యుద్ధం తర్వాత ఈ ప్రాంతం బ్రిటిష్ వారి పాలన కిందికి వచ్చింది. 1946 ఆగస్టు మధ్యలో ఆ బ్రిటిష్ ఆక్రమణ సైన్యం నుంచి ఉత్తర్వు వచ్చింది. సైనిక శిక్షణా క్షేత్రం కోసం సెప్టెంబరు 1 నాటికి ఊరు ఖాళీ కావాలి. మూడు వారాలు కూడా నిండా లేవు. అది కోతల కాలం. సుమారు 120 కుటుంబాలు, దాదాపు 550 మంది, పశువులతో, బళ్లతో, మోయగలిగినంత సామానుతో చుట్టుపక్కల ఊళ్లకు తరలిపోయారు. సరిగ్గా అదే ఆగస్టులో, 23వ తేదీన, అదే బ్రిటిష్ పాలకుల ఉత్తర్వుతో నార్ట్‌రైన్–వెస్ట్‌ఫాలెన్ రాష్ట్రం పుట్టింది. ఒకే నెలలో, ఒకే అధికారం, ఒక రాష్ట్రానికి పేరు పెట్టింది, ఒక ఊరి పేరు తుడిచింది. మళ్లీ తిరిగి రావచ్చునన్న ఆశ వెళ్లిన వాళ్లలో చాలామందికి ఉండేది. ఉన్నచోటికి పదిమైళ్ల లోపే తలదాచుకొన్నవాడికి ఆ ఆశ చావదు. గాలి ఇటు తిరిగితే తన ఊళ్లో పేలుతున్న ఫిరంగుల మోత తనకే వినిపిస్తుంటుంది.

ఫిరంగులు పేలాయి. ఊరు లక్ష్యమైంది. ఇళ్లు కూలాయి, చర్చి కాలిపోయి గోడలు మిగిలాయి. 1950లో బ్రిటిష్ వారి నుంచి బెల్జియన్ సైన్యం ఆ శిక్షణా క్షేత్రాన్ని తీసుకొన్నది. 2005 డిసెంబరు ఆఖరు దాకా అక్కడే ఉంది. ఊరు పోయిన నాటి నుంచి లెక్కిస్తే 59 ఏళ్లు. 1946లో పదేళ్ల పిల్లవాడు 2006 జనవరిలో దారులు తెరిచేనాటికి డెబ్బయికి చేరువైన ముసలివాడు.

ఈ కథను సాధారణంగా ఎక్కడ మొదలుపెడతారో గమనించండి. యాత్రా పుస్తకాలు, వీడియోలు, ఊరి గురించి మాట్లాడే వారిలో చాలామంది దీన్ని 1946 నుంచి మొదలుపెడతారు. ప్రశాంతమైన పల్లె, పరాయి సైన్యం, మూడు వారాల గడువు, కన్నీళ్లు. ఇందులో అబద్ధం ఏదీ లేదు. కానీ బ్రిటిష్ సైన్యం ఇన్ని కొండల్లో ఈ కొండనే ఎందుకు ఎంచుకొన్నదన్న ప్రశ్న ఇందులో ఎగిరిపోతుంది. జవాబు కళ్లెదుటే ఉంది. వేలమంది సైనికులు ఉండదగిన భవనాలు కట్టి సిద్ధంగా ఉన్నచోటు ఫోగెల్‌జాంగ్. దాని చుట్టూ ఉన్న బయలు ఫిరంగులకు పనికొచ్చే నేల. ఆ బయలులో వోల్‌జైఫెన్. 1934లో అక్కడ పునాది తవ్వి ఉండకపోతే 1946లో ఆ ఉత్తర్వు ఆ ఊరికి వచ్చేది కాదు. అందుకే నేనంటాను, ఊరిని ఖాళీ చేయించిన చేయి బ్రిటిష్ వారిదే అయినా, ఆ ఊరి మీద గురి పెట్టింది అంతకు పన్నెండేళ్ల ముందు, సొంత దేశపు ప్రభుత్వం.

"సొంత" అన్న మాట మీద ఇంకొంచెం ఆగుతాను. ఐఫెల్‌కు దూరంగా, దక్షిణాన స్వేబియన్ ఆల్ప్ కొండల్లో గ్రువోర్న్ అనే ఊరు ఉండేది. మ్యున్‌జింగెన్ సైనిక శిక్షణా క్షేత్రాన్ని పెంచడం కోసం 1937–39 మధ్య అక్కడి 650 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించింది జర్మన్ సైన్యమే. ఫలితంలో తేడా లేదు. అక్కడా చర్చి, బడి మిగిలాయి, అక్కడా నేల నిండా మందుగుండు. అయినా గ్రువోర్న్ కథ చెప్పేటప్పుడు గొంతు ఒకలా, వోల్‌జైఫెన్ కథ చెప్పేటప్పుడు ఇంకొకలా పలుకుతుంది. ఖాళీ చేయించినవాడు మనవాడైతే దాన్ని అవసరం అంటాం, పరాయివాడైతే అన్యాయం అంటాం. కృష్ణ ఒడ్డున పుట్టినవాడిగా ఈ తేడా నాకు కొత్త కాదు. మా అమ్మమ్మ ఊరిని ముంచినవాళ్లు పరాయివాళ్లు కారు కాబట్టే, ఆమె బాధను వినేవాళ్లు తక్కువ.

ఒక జర్మన్ సహోద్యోగి ఈ వాదన విని, మరోవైపు నుంచి అడ్డుకొన్నాడు. బెలారూస్‌లో మా జర్మన్ సైన్యం ఆరు వందలకు పైగా ఊళ్లను మనుషులతో సహా తగలబెట్టింది. 1943 మార్చిలో ఖతీన్ అనే ఒక్క ఊళ్లోనే 149 మంది చనిపోయారు. అలాంటి యుద్ధం చేసిన దేశంలో, ప్రాణాలతో బయటపడి పక్క ఊరికి వెళ్లిన 550 మంది గురించి ఇంత ఆలోచించడం సిగ్గుచేటు కాదా అన్నాడు. ఆ సిగ్గు నిజాయితీ గలది, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ రెండు ఊళ్లను త్రాసులో పెట్టి తూచాల్సిన పని లేదు. ఖతీన్, వోల్‌జైఫెన్ సమానమని ఎవరైనా అంటే అది అన్యాయమే. నేను అంటున్నది వేరు. తూర్పున ఊళ్లు తగలబెట్టిన పాలనకు మనుషులను తయారుచేసి పంపిన బడి, వోల్‌జైఫెన్ పొలాల అంచున ఉంది. ఈ రెండు కథలనూ ఒకే దారం కలుపుతోంది. ఊరి కథను 1946లో మొదలుపెట్టినా ఆ దారం తెగుతుంది, అసలు చెప్పకుండా వదిలేసినా తెగుతుంది. 1934లో మొదలుపెడితేనే, ఆ ఊరి మీద జాలి ఆ దేశపు నేరాన్ని కప్పే దుప్పటి కాకుండా ఉంటుంది.

ఫోగెల్‌జాంగ్‌లో 2016 నుంచి ఆ శిక్షణ కోట చరిత్ర మీద ఒక పెద్ద ప్రదర్శన ఉంది; నాజీ బడి ఎలా పనిచేసిందో, అక్కడి నుంచి వెళ్లినవాళ్లు ఏం చేశారో మొహమాటం లేకుండా చెబుతుంది. ఊళ్లో, బడి గదిలో, పాత ఊరి జీవితం మీద ఇంకో చిన్న ప్రదర్శన ఉంది. రెండింటి మధ్య ఒక లోయ, ఒక నడక. చాలామంది ఈ రెండింటిలో ఒకటే చూసి వెళతారు. చరిత్ర కోసం వచ్చినవాళ్లు కోటకు, కొండ నడక కోసం వచ్చినవాళ్లు ఊరికి. కాళ్లలో సత్తువ ఉంటే రెండూ ఒకే రోజున, ముందు కోట, తర్వాత ఊరు, అదే వరుసలో చూడమని నేను అడిగినవారికల్లా చెబుతున్నాను.

రైతులు, సైన్యం తర్వాత ఇప్పుడు ఈ నేలకు మూడో యజమాని సంగతి. 2004 జనవరిలో ఐఫెల్ జాతీయ ఉద్యానం ఏర్పడింది. సైన్యం వెళ్లిపోయాక ఈ పీఠభూమి కూడా అందులోనిదే. ఎర్ర జింకలు తిరుగుతున్నాయి, అడవి పిల్లులు ఉన్నాయి. "ప్రకృతిని ప్రకృతిగా ఉండనివ్వండి" అన్నది జర్మన్ జాతీయ ఉద్యానాల నినాదం. మంచి నినాదమే, అడవి మీద నాకు పగ ఏమీ లేదు. కానీ ఈ బయలు ప్రకృతి సహజంగా ఇచ్చింది కాదు. శతాబ్దాలు దున్ని, మేపి, రాళ్లు ఏరి రైతులు చేసింది కొంత. అరవై ఏళ్లు ఎవరినీ రానివ్వక, పురుగుమందు చల్లనివ్వక, ఇల్లు కట్టనివ్వక సైన్యం చేసింది కొంత. దాన్ని "అడవి తిరిగి వచ్చింది" అనడం అంటే మళ్లీ ఆ పాడుబడటం అనే వ్యాకరణమే. మనుషులను తీసేసిన సంగతిని ప్రకృతి ఖాతాలో రాయడం.

తెలంగాణ రెవెన్యూ రికార్డుల్లో, జనం లేక పేరు మాత్రమే మిగిలిన ఊరిని "బేచిరాగ్ గ్రామం" అని రాస్తారు. పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట; చిరాగ్ అంటే దీపం, బేచిరాగ్ అంటే దీపం లేనిది. దీపం పెట్టే దిక్కు లేదని మనం అనేదాన్నే నవాబుల కాలపు గుమస్తా ఒక్క మాటలో దస్తావేజుకు ఎక్కించాడు. ఆ మాట కూడా ఎవరు ఆర్పారో చెప్పదు, కానీ ఏం ఆరిపోయిందో చెబుతుంది. వ్యూస్టుంగ్ అన్న మాటలో ఎడారి ఉంది, బేచిరాగ్ అన్న మాటలో ఇల్లు ఉంది. నాకు ఈ మాట వోల్‌జైఫెన్ దగ్గర గుర్తుకు రావడానికి ఇంకో కారణం ఉంది. ఐఫెల్ జాతీయ ఉద్యానానికి 2019లో అంతర్జాతీయ చీకటి ఆకాశ ఉద్యానంగా శాశ్వత గుర్తింపు వచ్చింది. కొలోన్, ఆకెన్, బాన్ వంటి నగరాల వెలుగుకు ఇంత దగ్గరలో పాలపుంతను మామూలు కంటితో చూడగల చోటు ఇది. ఫోగెల్‌జాంగ్ దగ్గర నక్షత్రాలు చూపించడానికి టెలిస్కోపులు పెడతారు, పిల్లలను తీసుకొని జనం వస్తారు. ఆ చీకటిలో కొంత వాటా, 1946 సెప్టెంబరు 1న ఆర్పిన 120 ఇళ్ల దీపాలది. నక్షత్రాలు చూపించేవారు ఆ మాట కూడా ఒక్క వాక్యంలో చెబితే పాలపుంత వెలుగేమీ తగ్గదు.

చర్చి గోడలు నిలబడి ఉన్నాయంటే అది ఉద్యానం దయ కాదు. పాత గ్రామస్థులు, వారి పిల్లలు సంఘంగా ఏర్పడి పూనుకొన్నందువల్ల చర్చి, బడి కూలిపోకుండా నిలిచాయి. ఇళ్ల చోట్లను వెతకాలంటే మాత్రం నేలను చూడాలి. మనుషులూ పశువులూ తరాల తరబడి బతికిన చోట నేలలో భాస్వరం పేరుకొంటుంది; ముట్టుకొంటే దద్దుర్లు లేపే ఒక రకం మొక్క, జర్మన్లు బ్రెన్‌నెస్సెల్ అనేది, అలాంటి చోటే గుబురుగా పెరుగుతుంది. బండి కట్టి పాటిదిబ్బల నుంచి పాటిమన్ను తోలుకొచ్చి పొలానికి ఎరువుగా వేసుకొన్న మన రైతులకు ఈ సంగతి ఏ శాస్త్రమూ చెప్పకుండానే తెలుసు. ఊరు పోయినా ఊరి సత్తువ మట్టిలో ఉంటుందని.

చర్చికి ఎదురుగా, బాట అంచున, అలాంటి గుబురు ఒకటి ఇంచుమించు చతురస్రంగా పెరిగి ఉంది. దాని వెనక పదడుగుల దూరంలో బూడిదరంగు సిమెంటు ఇల్లు. నేను అక్కడున్న గంటసేపట్లో ఎంతోమంది వచ్చారు, ఎంతోమంది ఆ సిమెంటు ఇంటి కిటికీలో నిలబడి ఫోటో తీయించుకొన్నారు. బాట దాటరాదు కాబట్టి నేను అంచునే నిలబడి, ఆ మొక్కల గుబురును ఫోటో తీసి మిత్రుడికి పంపాను. "ఇదేంటి, పిచ్చిమొక్కలా?" అని జవాబు వచ్చింది. ఎవరి ఇల్లో తెలియదు, ఇల్లు మాత్రం ఇది అని రాసి, చివరి బస్సు కోసం లోయ వైపు దిగడం మొదలుపెట్టాను.